విశాఖలోనే ఉండి డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ రంగంలో స్థిరపడాలంటే: మొదటి నుంచి చివరిదాకా

వైజాగ్‌లో హెచ్‌ఆర్ చదువుతున్న పిల్లలు, రెండు మూడేళ్లు రిక్రూట్‌మెంట్ చేసి విసిగిపోయినవాళ్లు, సోషల్ వర్క్ చదివి ఎన్జీవో జీతంతో ఇల్లు గడవక ఇటు చూస్తున్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే: డైవర్సిటీ అండ్ ఇన్‌క్లూజన్‌లో, అంటే అన్ని రకాల మనుషులకీ పనిచోట సమానంగా చోటు దొరికేలా చూసే పనిలో, ఉద్యోగం ఎలా దొరుకుతుంది, ఏ కోర్సు చేయాలి? ముందే చెప్పేస్తున్నాను, ఈ ఊళ్లో ఆ పేరుతో ప్రకటన ఇచ్చే కంపెనీలు చాలా తక్కువ. ఆ పోస్టు పడుతుందని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. పని మాత్రం ఊరి నిండా ఉంది. ఋషికొండ మీద ఐటీ ఆఫీసుల్లో, దువ్వాడ సెజ్‌లో, పరవాడ ఫార్మా సిటీలో, వేలమంది ఆడవాళ్లు కుట్టుపని చేసే అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో, పోర్టులో, షిప్‌యార్డులో. ఆ పని ఇప్పటికే ఎవరో ఒకరి నెత్తిన పడి ఉంటుంది, వాళ్లకున్న వంద పనుల్లో అదొకటిగా సగం సగం జరుగుతుంటుంది. దాన్ని పూర్తిగా చేయగల మనిషిగా మీరు తయారైతే డిజిగ్నేషన్ దానంతట అదే వెనక వస్తుంది. ఇక్కడ రాసేదంతా ఆ తయారీ గురించే.

1. ముందు ఈ పని ఏంటో తేల్చుకోండి

చాలామంది దీన్ని ఈవెంట్లు చేసే ఉద్యోగం అనుకుంటారు. మార్చి 8న కార్యక్రమం పెట్టడం, జూన్‌లో ప్రైడ్ నెల అని లోగో రంగులు మార్చడం, డిసెంబర్ 3న వికలాంగుల దినోత్సవానికి ఎవరినైనా పిలిచి మాట్లాడించడం. అవి ఉంటే ఉండనివ్వండి, జీతం ఇచ్చేది మాత్రం వాటికి కాదు. మన గేటు దాకా కూడా రానివాళ్లెవరు, వచ్చినా ఇంటర్వ్యూలో ఆగిపోతున్నదెవరు, చేరినా ఏడాది తిరక్కుండా మానేస్తున్నదెవరు, ఏళ్ల తరబడి ఉన్నా పైకి రానిదెవరు, ఈ నాలుగూ కనుక్కోవడమే అసలు పని. కనుక్కున్నాక ఒక నియమమో, ఒక షిఫ్ట్ టైమో, ఒక గదో, ఒక ఫారమో మార్పించాలి. ఏదీ మారకపోతే మీరు ఎన్ని మీటింగులు పెట్టినా పని జరగనట్టే లెక్క.

ఇంకో సంగతి. బయటి దేశాల నుంచి దిగే ట్రైనింగ్ స్లైడ్లలో "మీ ఇంటిపేరేంటి, మీవాళ్లు ఎటువైపు" అని అడిగి మనిషిని అంచనా కట్టే మన అలవాటు గురించి ఉండదు. శ్రీకాకుళం యాసలో మాట్లాడిందని టీమ్ అంతా నవ్వడం, పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన పిల్లలు క్యాంటీన్‌లో ఓ మూల బల్లకే పరిమితం కావడం, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కార్మికులకు తెలుగులో రాసిన సేఫ్టీ బోర్డు అర్థం కాకపోవడం, ఇవేవీ వాటిలో ఉండవు. స్టీల్ ప్లాంట్‌కి భూములిచ్చిన నిర్వాసితులు ఆర్ కార్డులు (నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డులు) పట్టుకుని దశాబ్దాలుగా ఉద్యోగాలు అడుగుతున్న ఊరు ఇది. ఇక్కడ ఇన్‌క్లూజన్ అంటే ఆడా మగా లెక్కతో అయిపోదు. కులం, యాస, ఊరు, పర్మనెంటా కాంట్రాక్టా, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకి ఇవి కళ్లకు కట్టినట్టు తెలుసు. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ తడబడుతుందేమో అని టెన్షన్ పడే చాలామంది తమ దగ్గరున్న ఈ బలాన్ని అసలు లెక్కే వేసుకోరు.

2. చట్టం చదవండి, సారాంశం కాదు

ఈ రంగంలో నిలబడినవాళ్లకీ ఆరు నెలల్లో పక్కకి జరిగినవాళ్లకీ తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. మంచి మనసుతో చెప్పిన మాటని మేనేజర్ "చూద్దాం లెండి" అంటాడు, సెక్షన్ నంబరు చెబితే కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో చట్టాలన్నీ ఉచితంగానే ఉన్నాయి, ఒక్కోదాన్ని నోట్స్ రాసుకుంటూ చదవండి.

మొదటిది 2013 నాటి పోష్ చట్టం, అంటే పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి కావాలి, సభ్యుల్లో కనీసం సగంమంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి, అది ముగిసిన 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, నివేదిక అందిన 60 రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. ఇదంతా చాలామంది అప్పజెప్తారు. తక్కువమందికి తెలిసింది ఏంటంటే, కాంట్రాక్ట్ కార్మికురాలు, ట్రైనీ, అప్రెంటిస్ కూడా ఈ చట్టం ప్రకారం ఉద్యోగులే. కంపెనీ పెట్టిన క్యాబ్ కూడా పనిచోటే. రాత్రి షిఫ్ట్ అయ్యాక మధురవాడ నుంచి గాజువాక వెళ్లే క్యాబ్‌లో జరిగినదానికి "అది మా ఆఫీసు బయట కదా" అనే వీలు లేదు. పదిమంది లేని చోట్ల, లేదా ఆరోపణ యజమాని మీదే ఉన్నప్పుడు, జిల్లాలోని లోకల్ కమిటీకి వెళ్లాలి. ఇక్కడ మనవాళ్లు పొరబడేదొకటి ఉంది: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అచ్యుతాపురం అనకాపల్లి జిల్లా కిందికి వచ్చింది, ఋషికొండ విశాఖ జిల్లాలోనే ఉంది, కాబట్టి కమిటీలు కూడా వేర్వేరు. మీ కంపెనీ నోటీసు బోర్డు మీద ఉన్న వివరాలు ఇప్పటికీ పాత జిల్లావేనేమో ఒకసారి వెళ్లి చూడండి.

రెండోది 2016 వికలాంగుల హక్కుల చట్టం. ఇందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. డిస్‌లెక్సియా, తలసీమియా, యాసిడ్ దాడి బాధితులు, మానసిక అనారోగ్యం కూడా. ప్రభుత్వ సంస్థల్లో 4 శాతం రిజర్వేషన్ సంగతి అందరికీ తెలుసు. ప్రైవేటు సంస్థలు కూడా ఈక్వల్ ఆపర్చ్యునిటీ పాలసీ (సమాన అవకాశాల విధానం) రాసుకుని ప్రకటించాలని, 20 మంది లేదా అంతకు మించి ఉంటే అందులో ఏయే సౌకర్యాలు ఇస్తారో, ఏయే పోస్టులు సరిపోతాయో, ఈ విషయాలు చూసే లయజన్ ఆఫీసర్ ఎవరో రాయాలని ఎంతమంది హెచ్‌ఆర్‌లకు తెలుసు? మీ ఆఫీసులో అడిగి చూడండి. చాలాచోట్ల ఆ పాలసీ ఉండదు, లేదంటే ఇంటర్నెట్‌లో దొరికినదాన్ని కంపెనీ పేరు మార్చి పెట్టుకుని ఉంటారు. మీ మొదటి ప్రాజెక్టు అక్కడే దొరకొచ్చు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 2019లో వచ్చింది, ప్రతి సంస్థా ఒక కంప్లయింట్ ఆఫీసర్‌ని పెట్టాలి అంటుంది. హెచ్ఐవీ ఉందని ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని 2017 చట్టం నిషేధించింది. ఇక 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి పాత పేర్లున్న నోట్స్ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లకండి. సమాన వేతనం సంగతి ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో ఉంది. 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది లేదా అంతకు మించి ఉంటే క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) అనేవి 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నాయి.

3. ఫ్లోర్ మీదకి వెళ్లండి

చట్టం చదివాక కుర్చీలోనే ఉండిపోతే ఉపయోగం లేదు. ఒక యూనిట్‌లో ఆడవాళ్లు ఎందుకు మానేస్తున్నారో చూడమన్నారు. ఎగ్జిట్ ఫారాలన్నీ తీస్తే వరసగా "కుటుంబ కారణాలు" అనే ఉంది, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, అంటే సూపర్‌వైజరే నింపేసి సంతకం పెట్టించుకున్నాడన్నమాట. లైన్ దగ్గరికి వెళ్లి నిలబడితే గోడకి మేకు, మేకుకి ఓ చెక్క టోకెన్ కనిపించాయి. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఆ టోకెన్ తీసుకుని వెళ్లాలి, తిరిగొచ్చి తగిలిస్తేనే ఇంకొకరు వెళ్లాలి, లైన్ మొత్తానికీ అది ఒక్కటే. బాత్రూమ్ చూస్తే షెడ్డు అవతలి చివర. అందుకని వాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగడమే మానేశారు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వచ్చి, సెలవులు పెట్టి, జీతం కోత పడి, చివరికి మానేస్తున్నారు. ఈ సంగతి ఏ సర్వేలోనూ రాలేదు, ఎందుకంటే సర్వే లింక్ మెయిల్‌లో పంపారు, వాళ్లకి మెయిల్ ఐడీలే లేవు. టోకెన్ తీసేయించి, మధ్యమధ్యలో మిషన్ మీద కూర్చోవడానికి ఒక రిలీవర్‌ని పెట్టించడం, ఆ నెలంతా జరిగిన డైవర్సిటీ పని అదే.

మీరు చేయాల్సిందీ ఇలాంటిదే. మూడు షిఫ్ట్‌లూ కనీసం ఒక్కోసారి చూడండి. మేనేజర్ పక్కన ఉండగా ఎవరినీ ఏమీ అడక్కండి, ఆ జవాబులు పనికిరావు. క్యాంటీన్‌లో కూర్చోండి, బస్సులో వాళ్లతోపాటు వెళ్లండి. "అమ్మా, ఇక్కడ మీకు ఏమైనా ఇబ్బందా?" అంటే ఎవరైనా "ఏం లేదండీ" అంటారు, "నిన్న డ్యూటీ దిగి ఇంటికి చేరేసరికి ఎంతయింది? వంట ఎవరు చేశారు?" అని అడిగితే అరగంట మాట్లాడతారు. విన్నది ఎవరి పేరూ లేకుండా రాసుకోండి, పేరు బయటపడితే ఆ మనిషి ఉద్యోగం పోతుంది, మీ మీద ఇంకెవరికీ నమ్మకం ఉండదు.

కొలిచే టేపు ఒకటి బ్యాగులో పెట్టుకోండి, ఈ మాట నిజంగానే అంటున్నాను. ర్యాంప్ వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు. అంటే 15 సెంటీమీటర్ల మెట్లు మూడు ఉన్న గుమ్మానికి 5.4 మీటర్ల ర్యాంప్ కావాలి. చాలాచోట్ల మెట్ల పక్కన రెండు మీటర్ల సిమెంటు వాలు పోసేసి ర్యాంప్ అంటారు, దాని మీద చక్రాల కుర్చీ ఎక్కించాలంటే వెనక ఇద్దరు నెట్టాలి. తలుపు 90 సెంటీమీటర్లు ఖాళీగా తెరుచుకుంటుందా, బాత్రూమ్‌లో కుర్చీ తిరగడానికి మీటరున్నర జాగా ఉందా కొలవండి. కొండ మీద ఆఫీసులకి ఇంకో బాధ ఉంది: లోపల లిఫ్ట్, ర్యాంప్ అన్నీ బాగానే ఉంటాయి, కింద బస్సు దిగిన మనిషి ఊతకర్రలతో ఆ ఎత్తు ఎలా ఎక్కుతాడో ఎవరూ ఆలోచించరు. రోడ్డు మీద నుంచి ఒక షటిల్ వేస్తే తీరిపోయే సమస్య అది. కంప్యూటర్ వైపు అయితే తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పెట్టుకుని, మానిటర్ ఆపేసి, మీ కంపెనీ ఉద్యోగ దరఖాస్తు ఫారం నింపడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకుంటే ఐటీ టీమ్‌కి ఇవ్వాల్సిన రిపోర్టు సగం రాసేసినట్టే.

4. లెక్కలు

ఎక్సెల్ రాకపోతే నేర్చుకోండి, పివట్ టేబుల్ దాకా చాలు. ఉదాహరణకి ఒక పోస్టుకి వంద దరఖాస్తులొస్తే 40 మహిళలవి, షార్ట్‌లిస్ట్ చేసిన 20 మందిలో 8 మంది మహిళలు, చివరికి ఆఫర్ ఇచ్చిన అయిదుగురిలో ఒక్కరే అనుకుందాం. అంటే దరఖాస్తుల దగ్గర సమస్య లేదు, షార్ట్‌లిస్ట్ దగ్గరా లేదు, ఇంటర్వ్యూ గదిలో ఏదో జరుగుతోంది. "మాకు ఆడవాళ్లు అప్లై చేయరండీ" అనే మాటకి ఈ మూడు వరసల పట్టిక చాలు. ఇలాగే మానేసినవాళ్లవి, ప్రమోషన్లవి, ప్రసూతి సెలవు తర్వాత తిరిగొచ్చి ఏడాది నిలిచినవాళ్లవి తీయండి. పర్మనెంటు, కాంట్రాక్టు విడివిడిగా తీయడం మర్చిపోకండి, మన ఊరి ఫ్యాక్టరీల్లో అసలు కథ కాంట్రాక్టు వరసలోనే ఉంటుంది.

ఈ లెక్కలకి ఇప్పుడు బయట కూడా గిరాకీ ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే, వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. మహిళలెంతమంది, వికలాంగులెంతమంది, స్త్రీ పురుషుల మధ్యస్థ వేతనం ఎంత, పేరెంటల్ సెలవు తర్వాత ఎంతమంది తిరిగొచ్చారు, వేధింపుల ఫిర్యాదులెన్ని, అన్నీ అందులో రాయాలి. దివీస్, లారస్ ల్యాబ్స్, కోరమాండల్, హెచ్‌పీసీఎల్, ఇలా మన చుట్టూ ప్లాంట్లున్న కంపెనీల వార్షిక నివేదికలు నెట్‌లో ఉంటాయి. ఏదైనా రెండు తీసుకుని అందులోని బీఆర్‌ఎస్‌ఆర్‌లో మూడో సూత్రం, అయిదో సూత్రం కింద ఉన్న పట్టికలు పక్కపక్కన పెట్టి చదవండి, మూడేళ్లవి పోల్చండి. ఒక పేజీలో మీకు అర్థమైంది రాయండి. ఆ పేజీ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్తే సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

5. చదువు

దీని మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్, హెచ్‌ఆర్‌ఎం రెండూ ఉన్నాయి, ఏది చదివినా సరిపోతుంది, రెండోదాని పుస్తకాలు లైబ్రరీలో చదువుకోండి. లా వైపు మక్కువ ఉంటే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది. వారాంతపు డైవర్సిటీ సర్టిఫికెట్ కోర్సులకి వేలకు వేలు కట్టే ముందు, సిలబస్‌లో మన దేశ చట్టాలు ఎన్ని పేజీలున్నాయో అడగండి. అంతకన్నా ముందు భారతీయ సంజ్ఞా భాష ప్రాథమికాలు నేర్చుకోండి. ఇంటర్వ్యూకి వచ్చిన వినికిడి లోపమున్న అభ్యర్థికి మీరే చేతులతో నమస్కారం చెప్పి, పేరు అడిగి కూర్చోబెట్టగలిగితే ఆ గది వాతావరణమే మారిపోతుంది. అసలు సంభాషణకి మాత్రం శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్‌నే పిలవాలి.

6. ఏ తలుపులోంచి లోపలికి

ఫ్యాక్టరీల వైపు వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టు చాలామంది పట్టించుకోని మంచి దారి. పాత ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది కార్మికులుంటే ఉండాల్సిన ఈ పోస్టు, 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 250 మందికే తప్పనిసరి అయింది, కాబట్టి అవసరం పెరుగుతుంది. క్యాంటీన్, క్రెష్, విశ్రాంతి గది, ఫిర్యాదులు అన్నీ ఆ కుర్చీ దగ్గరికే వస్తాయి. ఐటీ, కాల్ సెంటర్ల వైపు రిక్రూట్‌మెంట్ నుంచి రావడం తేలిక, ఎవరు లోపలికి వస్తారో మొదట తేలేది అక్కడే. ఇంటర్నల్ కమిటీకి రికార్డులు, మినిట్స్ చూసే కోఆర్డినేటర్‌గా చేరడం ఇంకో దారి. లిస్టెడ్ కంపెనీ అయితే సస్టెయినబిలిటీ టీమ్‌లో బీఆర్‌ఎస్‌ఆర్ డేటా చూసే పని. ప్రభుత్వ రంగ సంస్థల్లో రోస్టర్ (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ కిందకి వస్తుందో చూపే పట్టిక), ఎస్సీ ఎస్టీ లయజన్ వ్యవస్థ ముందునుంచే ఉన్నాయి, అక్కడ పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. "సార్, రోస్టర్ ఎలా నడిపేవారో చెప్తారా" అని ఒక సాయంత్రం అడిగి చూడండి, పుస్తకాల్లో లేనిది చెప్తారు.

7. ఉన్న ఉద్యోగంలోనే ఒక పని చేసి చూపించండి

ఒక్కటే ఎంచుకోండి, చిన్నది, మూడు నెలల్లో ఫలితం కనిపించేది. ఉద్యోగ ప్రకటనలు సరిచేయడంతో మొదలుపెట్టొచ్చు. "సొంత బైక్ తప్పనిసరి", "కెరీర్ గ్యాప్ ఉన్నవాళ్లు అనర్హులు", "పెళ్లికాని యువతులు మాత్రమే", "యాస లేని ఇంగ్లిష్", ఇలాంటివి ఆ పనికి నిజంగా కావాలా అని ఒక్కో లైనూ మేనేజర్‌ని అడగండి. బ్యాక్ ఆఫీసులో డేటా చూసే మనిషికి బైక్ ఎందుకు? ఆ లైన్లు తీసేసి, ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే మార్కుల పట్టిక పెట్టించండి, మార్కులు ఎవరికివారు వేశాకే చర్చ మొదలవ్వాలి. పెళ్లి ఎప్పుడు, పిల్లల్ని ఎవరు చూస్తారు అనే ప్రశ్నలు పట్టికలో ఉండవు కాబట్టి అడిగేవాళ్లకీ ఇబ్బంది లేకుండా ఆగిపోతాయి. ముందు మూడు నెలల లెక్క, తర్వాత మూడు నెలల లెక్క పక్కపక్కన పెట్టి మీ బాస్‌కి ఒక పేజీ ఇవ్వండి. తేడా రాకపోతే రాలేదనే రాయండి, ఎందుకు రాలేదో మీకేమనిపించిందో కూడా. అలాంటి మూడు నాలుగు పేజీలే మీ పోర్ట్‌ఫోలియో. కంపెనీ పేరు, మనుషుల పేర్లు తీసేశాకే బయట చూపించండి. పోష్ కేసుల వివరాలు మాత్రం పేర్లు తీసేసినా సరే ఎక్కడా వాడకండి, గోప్యత చట్టంలోనే ఉంది.

8. గాలి మారినప్పుడు

2025 జనవరిలో అమెరికాలో కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే ఫెడరల్ డీఈఐ (డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్) కార్యక్రమాలను ఆపేస్తూ ఉత్తర్వులు ఇచ్చింది, ఆ తర్వాత కొన్ని అమెరికన్ కంపెనీలు తమ కార్యక్రమాలను తగ్గించుకున్నాయి, కొన్ని పేర్లు మార్చుకున్నాయి. ఇక్కడ వాటి క్యాప్టివ్ సెంటర్లలో (సొంత పనుల కోసం ఇక్కడ పెట్టుకున్న ఆఫీసుల్లో) పనిచేసేవాళ్లకి ఆ సెగ తగులుతుంది. అందుకే మీ పనిని హెడ్ ఆఫీసు క్యాంపెయిన్ మీద కాకుండా మన చట్టం మీద, మీ సైట్ లెక్కల మీద నిలబెట్టుకోమంటున్నాను. అమెరికాలో ఏ ఉత్తర్వు వచ్చినా మధురవాడ ఆఫీసుకి ఇంటర్నల్ కమిటీ ఉండాల్సిందే, క్రెష్ ఉండాల్సిందే.

అయిదేళ్లు దాటాక ఇంకో దారి తెరుచుకుంటుంది. పోష్ నియమాల ప్రకారం, మహిళల సాధికారత కోసం కనీసం అయిదేళ్లు పనిచేసిన సామాజిక కార్యకర్తలు, లేదా కార్మిక, సర్వీసు, సివిల్, క్రిమినల్ చట్టాలు తెలిసినవాళ్లు లైంగిక వేధింపుల విషయాలు తెలిసినవారిగా బయటి సభ్యుల స్థానంలోకి రావచ్చు. చిన్న కంపెనీలు ఇలాంటి మనిషి కోసం వెతుక్కుంటూనే ఉంటాయి. ఒప్పుకునే ముందు పాత విచారణల రికార్డులు ఎలా ఉంచారో చూడనివ్వమని అడగండి. సంతకానికి మాత్రమే పిలిచేవాళ్లయితే అక్కడే తెలిసిపోతుంది.

9. ఆఫర్ లెటర్ దగ్గర

చివరికి ఆ డిజిగ్నేషన్‌తోనే ఆఫర్ వచ్చిందనుకోండి, జీతం ఒక్కటే మాట్లాడి సంతకం పెట్టేయకండి. మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, ఏడాదికి బడ్జెట్ ఎంత, జీతాలు, ప్రమోషన్లు, మానేసినవాళ్ల డేటా చూసే అనుమతి ఉందా లేదా, ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. కాంట్రాక్టు కార్మికులు మీ పరిధిలోకి వస్తారా అని కూడా అడగండి. రారు అంటే కాంట్రాక్టర్ల ఒప్పందాలు చూసే వాణిజ్య విభాగంతో కలిసి పనిచేసే వీలైనా ఇవ్వమనండి; టోకెన్లు, క్యాబ్‌లు, బాత్రూమ్‌లు చాలావరకు ఆ ఒప్పందాల్లోనే రాసి ఉంటాయి.